ఎడమచేతి కుట్టు

చలికి తన కోటు విప్పి ఆమెకి తొడిగాక, ఆమె ముక్కు కారుతోంటే "కోటు లోపలి జేబులో రుమాలుంది చూడు" అని ఆయనే అన్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ నిలదీయలేదు, తన నోటితో తనే అన్నాడు. ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టే మనిషితో కాపురం చేసి కూడా జేబంటే రుమాలు పెట్టుకునే సంచి అనే అనుకున్నాడు పాపం. ఆమె చెయ్యి లోపలికి పోనిచ్చింది. బస్సు పైఅంతస్తుకి కప్పు లేదు, ఊరు బాగా కనపడాలని తీసేశారట, ఊరి మాట అటుంచి చలి మాత్రం ఎదురొచ్చి మరీ పలకరిస్తోంది. వేళ్ళు కొయ్యబారిపోయాయి, ఇందాక టిక్కెట్టు చేతిలోంచి జారిపోయినా తెలియలేదు, అలాంటి వేళ్ళకే తెలిసింది. రుమాలు దొరికింది. దాని వెనకున్న గుడ్డ తనది కాదు. ఈ కోటు తనే కత్తిరించింది, తనే కుట్టింది, పదకొండేళ్ళ క్రితం ఆయన మొదటిసారి ఈ ఊరు బయల్దేరినప్పుడు. లోపలి జేబుకి నల్లటి జారుడు గుడ్డ వేసింది, ఇది దళసరి నూలుగుడ్డ. అంచు వెంబడి వేలు నడిపింది. కొసన ముడి లేదు. వెనక్కి మూడు చిన్న కుట్లు వేసి, దారాన్ని మడత లోపలికి వేలెడు దూరం నడిపించి తుంచేసిన కుట్టు. అలా కుట్టేవాళ్ళు తనకి తెలిసి ఇద్దరే. ఒకటి తను. రెండోది, పద్నాలుగేళ్ళుగా బతికుందో లేదో తెలియని చెల్లెలు చిట్టి.

కాదులే, అనుకుంది ముందు. లోకంలో దర్జీలకు కరువా, ఈ ఊళ్ళోనూ ఎవరో ఒక ముసలి దర్జీ ఉండి ఉంటాడు, ఆయనకీ ముడి వెయ్యడం ఇష్టం లేకపోవచ్చు, ముడి ఒంటికి గుచ్చుకుంటుందని తనకి నేర్పిన మాస్టారే అనేవాడు. చెవిలో పెట్టుకోమని బస్సువాళ్ళిచ్చిన గొట్టంలోంచి ఎవరో తియ్యటి గొంతువాడు "కుడివైపున చూడండి, ఈ వంతెనకు మూడువందల ఏళ్ళు" అంటున్నాడు. చూసింది. వంతెన కింద నది, సీసం కరగబోసినట్టు బూడిదరంగులో, పైన పసుపు ఆకులు తేలుతూ పోతున్నాయి. పక్కన ఆయన కూడా చూస్తున్నాడు, చెవిలో తన గొట్టం తనది, ఒంటిమీద ఒక్క స్వెట్టరు. కోటు ఆమెకి ఇచ్చేసి, నాకేం చలి లేదని ఎదుటి సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. ఆమె పై రెండు గుండీలూ విప్పి, కోటు అంచు వెలుగులోకి తిప్పి చూసింది. తన కుట్లు ఎప్పుడూ ఒకవైపుకే ఒరుగుతాయి, కుడిచేత్తో కుట్టే ఎవరివైనా అటే ఒరుగుతాయి. ఇవి ఇంకోవైపుకి ఒరిగాయి. తన చేతినే అద్దంలో చూసుకుంటున్నట్టుంది. ముసలి దర్జీ ఎక్కడివాడక్కడే మాయమైపోయాడు.

ఎడమచేతి వాటం పిల్ల కుట్టుకి పనికిరాదమ్మా, కావాలంటే కాజాలకి గుర్తులు పెట్టుకోమను అన్నాడు మాస్టారు. అప్పటికి చిట్టికి తొమ్మిదేళ్ళు, అమ్మ పోయి నాలుగు నెలలు, తనకి పంతొమ్మిది. ఎందుకు పనికిరాదో చూస్తానని పంతం పట్టింది. పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తే పిల్లకి అర్థమయ్యేది కాదు, సూది ఎటు తిప్పినా తికమకే. ఒకరోజు విసుగొచ్చి, "పోయి ఎదురుగా కూర్చో, అద్దంలో చూస్తున్నాననుకుని చెయ్యి" అంది. ఎదురుగా, మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించుకుని, తను కుడిచెయ్యి ఎత్తితే పిల్ల ఎడమచెయ్యి ఎత్తేది, తను దారం లాగితే పిల్ల లాగేది, తనకి తుమ్మొస్తే పిల్ల కూడా తుమ్మినట్టు నటించేది. ఆ రోజు వచ్చింది కుట్టు. ఇన్నేళ్ళ తరువాత అదే కుట్టు మొగుడి కోటు లోపల, గుండె పక్కన, ఇంత భద్రంగా.

"అదిగో ఆ గాజు భవనం చూశావూ? ఆరు లిఫ్టులు" అన్నాడు ఆయన, గొట్టం కాస్త పక్కకి జరిపి. "నాలుగోది కాస్త మొండిది. ప్రతి ఏడాదీ నన్ను నానా పాట్లూ పెట్టేది."

ఆయనకి ఊరంటే లిఫ్టులే. లిఫ్టు పరీక్షకుడిగా పదకొండేళ్ళు, ఏటా ఆకురాలే కాలంలో ఒక వారం ఈ ఊరు రావడం, ఆ భవనాల పొట్టల్లో దూరి తాళ్ళు, చక్రాలు చూసుకోవడం, ఇంటికొచ్చి "అబ్బే, ఏం చూళ్ళేదు, పని సరిపోయింది" అనడం. ఆమె నమ్మింది. నమ్మకపోవడానికేముంది, ఆయన మొహం చూస్తే అప్పుడే ఉతికి ఆరేసిన గుడ్డలా ఉంటుంది, ఒక మరక దాచడం కూడా రాదనిపిస్తుంది. ఇంటిదొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు, అలాంటి దొంగకి మొహం కూడా అమాయకంగా ఉంటే ఇక చెప్పేదేముంది. నన్నూ ఒకసారి తీసుకెళ్ళండి అని ఆమె అడిగినప్పుడల్లా "అక్కడి చలి నీకు పడదు" అనేవాడు. ఈ ఏడు రిటైరయ్యాడు, అక్కడి ఆఫీసు బీరువా ఖాళీ చేసి రావాలన్నాడు, ఇక ఊరుకోకుండా బయల్దేరింది. చలి చలి అంటే ఏదో నన్ను తప్పించుకోవడానికని ఒక శాలువా మాత్రం పడేసుకుని వచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన నిజం ఆ చలి ఒక్కటేనేమో.

కోటు ఆ బీరువాలోనే ఉండేది ఇన్నాళ్ళూ. మన ఊళ్ళో ఇంత దళసరి కోటు దేనికి, మోసుకు తిరగడం దండగ అని మొదటి ఏడాదే అక్కడ వదిలేశాడు. ఎంత సబబుగా ఉందో ఆ మాట. ఆమె ఇప్పుడు ఎవరూ చూడకుండా, చలికి ముడుచుకున్నట్టు ముడుచుకుని, కోటు లోపల చేతులు తిప్పుతోంది, సంకల కింద, నడుము దగ్గర, కింది అంచున, కళ్ళు లేనివాళ్ళు మొహాలు తడిమినట్టు. ఎడమ సంక దగ్గర అస్తరు విడిపోయి మళ్ళీ కుట్టి ఉంది, ఆ దారం మెత్తబడి, అరిగి, ఎన్నో ఏళ్ళది. మూడో గుండీ కొత్తగా కుట్టింది, దారం ఇంకా గరుకు పోలేదు, పోయినేడాదిది అయ్యుంటుంది. వెనక చీలిక దగ్గర ఒక చిన్న చిరుగుని దారంతో అల్లి మూశారు, ఎంత బాగా మూశారంటే వేలికి తప్ప కంటికి అందదు. ఆ అల్లిక తను నేర్పలేదు. అది చిట్టి ఆ తరువాత ఎక్కడో నేర్చుకుంది. ఎవరి దగ్గర నేర్చుకున్నావే అని అడగాలనిపించింది, ఆ అనిపించడానికి ఆమెకే ఒళ్ళు మండింది. ఇది ఒకరోజు పని కాదు. ఏటా వచ్చాడు, ఏటా ఏదో ఒకటి కుట్టించుకున్నాడు, ఏటా ఇంటికొచ్చి ఆమె వడ్డించింది తిన్నాడు.

ఏటా, సరిగ్గా ఈ ప్రయాణానికి ముందు, చిట్టి పుట్టినరోజు వచ్చేది. ఏటా ఆ రోజు ఆమె ఉత్తరం రాసేది. చిట్టి ఇంట్లోంచి వెళ్ళిపోయాక మొదట చేరిందని తెలిసిన కుట్టు కార్ఖానా చిరునామా ఒక్కటే ఉండేది, ఆ కార్ఖానా మూతపడి ఎన్నాళ్ళయిందో, అయినా దానికే రాసేది, ఎవరైనా పుణ్యాత్ములు చేరేస్తారని. జిగురు అంటించి ఆయన చేతికిచ్చేది. దారిలో పోస్టు చేస్తాలే అని సంచిలో పెట్టుకునేవాడు. తిరిగొచ్చాక "వేశారా?" అంటే "వేశాను." అంతే, రెండో మాట లేదు. ఉత్తరం రాసిన రాత్రి ఆమెకి అన్నం సహించేది కాదు. బతికుందో లేదోనండీ అనేది. ఆయన భుజంమీద చెయ్యి వేసి "ఎక్కడో క్షేమంగానే ఉంటుందిలే" అనేవాడు. ఎంత మంచివాడు, వాళ్ళమ్మ ఎలా కన్నదో అనుకునేది. పెళ్ళయి వచ్చినప్పుడు పదమూడేళ్ళ మరదల్ని కూడా వెంటబెట్టుకొచ్చిన పెళ్ళాన్ని ఒక్కమాట అనలేదు, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బడికి దింపేవాడు, చిట్టికి జ్వరమొస్తే ఆఫీసు ఎగ్గొట్టేవాడు. అలాంటివాడు చేత్తో భుజం నిమిరి క్షేమంగానే ఉంటుందిలే అన్నప్పుడు ఓదారుస్తున్నాడనుకుంది గానీ చూసొచ్చి చెబుతున్నాడని ఎలా అనుకుంటుంది? పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారే. ఆ చంక తనది కాదు ఆయనది, వెతుక్కుంది మాత్రం తను.

గొట్టంలో గొంతువాడు ఎవరో రాజు గురించి చెబుతున్నాడు, సొంత తమ్ముణ్ణి పదహారేళ్ళు ఆ కోటలో బంధించాడట. ఎంత సంబరంగా చెబుతున్నాడో. కోటముందు చెట్లన్నీ ఎర్రబడి ఉన్నాయి, ఇద్దరు పనివాళ్ళు ఒక యంత్రంతో గాలి ఊది ఆకుల్ని ఒక మూలకి తోస్తున్నారు, వాళ్ళు తోసినవి తోసినట్టే గాలి మళ్ళీ వెనక్కి తెస్తోంది. ముందు సీట్లో ఒక తల్లీ కూతురూ ఒకే మఫ్లరు ఇద్దరూ చుట్టుకుని ఫోటో తీసుకుంటున్నారు. ఆయన పళ్ళు కొట్టుకుంటున్నాయి. వినపడుతోంది ఆమెకి. కోటు తీసి ఇవ్వాలని చెయ్యి ముందు లేచింది, అలవాటు పడ్డ చెయ్యి, దాన్ని పట్టుకుని మళ్ళీ జేబులో కుక్కుకుంది.

తప్పు తనది లేదని కాదు. ఎందుకు లేదు, ఉంది, ఆ రోజు తను కత్తెర తియ్యకుండా ఉండాల్సింది. తమ దుకాణానికొచ్చే డాక్టరమ్మ పొడుగు కోటు, చిట్టి పదకొండు రోజులు కూర్చుని ఒక్కత్తే కుట్టింది, అక్కని ముట్టుకోవద్దంది. డాక్టరమ్మ వేసుకుని అద్దంముందు తిరుగుతోంటే చూసింది తను, కాలరు ఒక నూలుపోగంత పక్కకి పోయింది. "విప్పండమ్మా" అంది. ఆవిడ, ఏం ఫరవాలేదు, నాకు బావుంది అంటూనే ఉంది. తను బల్లమీద పరిచి కత్తెర మొన పెట్టి కాలరు, దాంతోపాటు భుజాలు, భుజాలతోపాటు చేతులు అన్నీ విప్పేసింది. "మళ్ళీ కుట్టు" అంది. చిట్టి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది, ఇరవైతొమ్మిదేళ్ళ మనిషి, తప్పు చేసిన బడిపిల్లలా. మర్నాటికి కోటు మళ్ళీ కుట్టి ఉంది, ఇస్త్రీ చేసి ఉంది, మిషనుమీద గుడ్డ కప్పి ఉంది, గుడ్డమీద దుకాణం తాళంచెవి ఉంది. మనిషి లేదు. అయినా ఇదంతా మంచికే కదా, తనవి మాస్టారు ఎన్నిసార్లు విప్పలేదు, తను వెళ్ళిపోయిందా? ఒక్క కాలరుకి పద్నాలుగేళ్ళా? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని వాడకట్టులో అందరికీ చెప్పింది, చెల్లెలి గురించి. ఇప్పుడు నానబోసినవన్నీ పుచ్చులే అని తేలింది.

బస్సు ఒక పెద్ద మలుపు తిరిగింది, ఎండ ఒక్కక్షణం మొహాన పడింది, ఆ ఎండలోనే ఎక్కడినుంచో ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. వెన్ను నిటారుగా అయిపోయింది. ఆయన కావాలనే ఇచ్చాడేమో కోటు! ఎవరూ అడగకుండా, జేబులో రుమాలుంది చూడు అని ఎందుకన్నాడు మరి? నోటితో చెప్పడం చేతకాదు ఆయనకి, పెళ్ళిచూపుల్లో కూడా నచ్చావని చెప్పలేక వాళ్ళ బాబాయి చేత చెప్పించాడు. ఊరు చూపించడమని పేరుపెట్టి దాని దగ్గరికే తీసుకెళుతున్నాడు. రేపు నువ్వు మ్యూజియంలో తీరిగ్గా చూస్తూ ఉండు, నాకు ఆఫీసులో చిన్న పనుంది అన్నాడు పొద్దున, రిటైరైనవాడికి ఆఫీసులో పనేమిటి, చిట్టిని మ్యూజియానికి తీసుకొస్తాడు, ఏ బొమ్మ దగ్గరో తను నిలబడి ఉంటే వెనకనుంచి అక్కా అంటుంది. నలభైమూడేళ్ళు దానికిప్పుడు, జుట్టు నెరిసుంటుంది, మా ఇంట్లో అందరికీ తొందరగా నెరుస్తుంది. తనని చూసి ముందు ఏడుస్తుందా, మూతి ముడుచుకుంటుందా? ముడుచుకోనీ. నాలుగు మాటలు అననీ, పడతాను, పదకొండు రోజుల కోటు విప్పినదాన్ని పడాల్సిందే. ఆమె మొగుడి మోకాలుమీద చెయ్యి వేసింది. ఆయన ఉలిక్కిపడి చూసి నవ్వాడు, పెదాలు నీలంగా ఉన్నాయి, పాపం మనిషి గడ్డకట్టుకుపోతున్నాడు, ఎంత అపార్థం చేసుకున్నాను అనుకుంది. ఆ రెండు వీధులూ ఆమె నిజంగా ఊరు చూసింది. పొగగొట్టాలు చూసింది, గడియారపు స్తంభం చూసింది, పూలకొట్టు ముందు చేతులు ఊదుకుంటున్న ముసలమ్మని చూసింది. ఎంత అందమైన ఊరు, ఇక్కడ ఎవరు ఉన్నా బాగానే ఉంటారు.

మూడో వీధి ఇరుకు. ఎర్రదీపం పడి బస్సు ఆగింది. ఆయన మోకాలు ఆమె చేతికింద బిగుసుకుంది. ఎదురు కమ్మీమీద వేళ్ళు తెల్లబడ్డాయి. "ఇదిగో ఇటు, ఇటు చూడు" అన్నాడు, కుడివైపుకి చెయ్యి చాపి, మామూలు కంటే గట్టిగా. "ఆ మేడ చూశావా, ఆ కిటికీలు... ఎన్ని కిటికీలో చూడు!" ఆ మేడలో ఏమీ లేదు. దానికి లిఫ్టు కూడా లేదు. గొట్టంలో గొంతువాడు కూడా దాని గురించి ఏమీ చెప్పకుండా పాట వేసి ఊరుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటున్నాడు. ఆమె ఎడమవైపుకి చూసింది.

రెండు పెద్ద దుకాణాల మధ్య నలిగిపోయినట్టు ఒక చిన్న గది. గాజు తలుపుమీద కత్తెర బొమ్మ. లోపల దీపం. కిటికీ పక్కన మిషను, అందరూ పెట్టుకునేటట్టు కాకుండా అటుది ఇటు తిప్పి వేసి ఉంది, ఎడమచేతి నీడ గుడ్డమీద పడకూడదని. మిషనుమీదకి వంగిన ఒక మనిషి, తెల్లజుట్టు, మెడమీద టేపు. మొహం కనపడలేదు. మెడ చాలు, ఆ మెడకి పేలు చూసింది, జడ వేసింది, గవదబిళ్ళలొస్తే పట్టు వేసింది. పచ్చదీపం పడింది, బస్సు కదిలింది.

ఆమె చెయ్యి చాపి ఆయన చెవిలో గొట్టం లాగేసింది.

"ఎన్నాళ్ళనుంచి?"

ఆయన తేలు కుట్టిన దొంగలా కిటికీల మేడకేసే చూస్తున్నాడు, అది వెనకపడిపోయి చాలాసేపయింది.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఎన్నాళ్ళనుంచి?"

"మొదటి ఏడాదినుంచే" అన్నాడు. "లిఫ్టు తలుపులో పడి జేబు చిరిగింది. ఎవరో ఆ కొట్టు చెప్పారు, బాగా కుడుతుందని. వెళ్ళాను. అది నా మొహం చూడలేదు. కోటు చూసి, ఇది మా అక్క కుట్టింది, మీకెక్కడిది అంది. అప్పుడు చూసింది నన్ను."

"చూసి?"

"ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నీకు చెప్పొద్దంది. చెప్తే ఈ కొట్టు కూడా మూసేసి పోతా బావా, ఈసారి నీక్కూడా దొరకను అంది. ఒట్టు వేయించుకుంది. ఏం చెయ్యమంటావు? కనీసం నా కళ్ళముందన్నా ఉంటుంది కదా అనుకున్నాను."

మీ కళ్ళముందు. ఆమె ఆ మాటని నోట్లోనే ఉంచుకుని చూసింది, మింగుడుపడలేదు. బస్సు వంతెన ఎక్కుతోంది, గాలి కొరడాలా కొట్టింది, ముందు సీట్లో కూతురు కిలకిలా నవ్వింది.

"నా ఉత్తరాలు?"

"ఇచ్చాను. ఒక్కటి కూడా పోస్టులో వెయ్యలేదు. అన్నీ దాని చేతికే ఇచ్చాను." ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో కాస్త వెలుగు కూడా వచ్చింది, మంచిపని ఒకటైనా చేశానన్నట్టు.

"చదివిందా?"

"నా ముందే చదివేది. చదివి మడిచి గుండీల డబ్బాలో పెట్టేది."

"ఏమనేది?"

"ఏమీ అనేది కాదు."

"ఏమనేదండీ?"

ఆయన చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నాడు. "ఒకసారి మాత్రం... 'అక్క ఇంకా నన్ను క్షమిస్తూనే ఉందా బావా?' అంది. అని నవ్వింది."

అవును, అదే రాసేది. ఏటా అదే. చిట్టీ, నిన్ను ఎప్పుడో క్షమించాను, వచ్చెయ్. నాలుగు పేజీలు రాసినా చివరికి ఆ ముక్కే. ఎంతో పెద్దమనసు చేసుకుని రాస్తున్నానని రాసేటప్పుడు కళ్ళు తుడుచుకునేది. అది వీళ్ళిద్దరూ కూర్చుని, కిటికీ పక్కన, ఆ దీపం కింద, బావా మరదలూ కూర్చుని చదువుకుని... చిట్టి నవ్వినప్పుడు ఈయన ఏం చేశాడు? నవ్వాడా? నవ్వే ఉంటాడు. చిట్టి నవ్వితే పక్కనున్నవాళ్ళు నవ్వకుండా ఉండలేరు, ఇంట్లో అందరికీ తెలుసు అది. తను ఇంట్లో అన్నం వదిలేసి పడుకున్న వారంలో ఇక్కడ ఇద్దరు మనుషులు నవ్వుకున్నారు.

"ఈ ఏడాది నేను రాసింది?" అంది.

ఆయన పాంటు జేబులోంచి తీశాడు. జిగురు అంటించినది అంటించినట్టే ఉంది, ఒక మూల నలిగింది. "రేపు నువ్వు మ్యూజియంలో ఉన్నప్పుడు ఇచ్చొద్దామని..."

ఇందాక రెండు వీధుల ఆనందం ఆ నలిగిన మూలలో అయిపోయింది. ఆమెని పక్కనపెట్టుకుని, అదే ఊళ్ళో, ఆమెని బొమ్మల మధ్య వదిలేసి వెళదామనుకున్నాడు. పదకొండేళ్ళు ఒట్టుకి కట్టుబడ్డాడంటే పోనీలే అనుకోవచ్చు, దూరాన ఉండగా దాచాడు. నడిచి వెళ్ళగలిగినంత దగ్గరికి తీసుకొచ్చి కూడా దాచాలనుకున్నాడే. కోపం వచ్చిందా అంటే కోపం చాలా చిన్నమాట. ఈ మనిషి చేతికి తను నమ్మకంగా ఇచ్చినవన్నీ వరసగా గుర్తొచ్చాయి, ఇంటి తాళాలు, చెల్లెలు, ఉత్తరాలు, ఏడుపు.

"దిగుతాను" అంది.

"ఇక్కడ కాదు, రౌండు ఇంకా సగం ఉంది. గది చేరాక మాట్లాడుకుందాం. అది ఒప్పుకోదు. చెప్పా కదా, పారిపోతుంది."

"మీరు రాకండి."

"చలికి..." అన్నాడు, అంటూ తన ఒంటికేసి, ఆమె ఒంటిమీది కోటుకేసి చూసి ఆగిపోయాడు. ఆమె ఉత్తరం తీసుకుని ఆయన ఒళ్ళోనే పెట్టేసింది. కమ్మీ పట్టుకుని మెట్లు దిగింది. బస్సు ఆగింది, దింపింది, పైన ఒంటరిగా కూర్చున్న ఒక స్వెట్టరు మనిషిని తీసుకుని తక్కిన వింతలు చూపించడానికి వెళ్ళిపోయింది.

వంతెనమీదుగా వెనక్కి నడిచింది. తెలియని ఊరు, తెలియని వీధులు, అయినా అడుగు తడబడలేదు. మేడలన్నీ మామూలు మేడలయ్యాయి, గడియారం మామూలు గడియారమయింది. ఏమనాలో సిద్ధం చేసుకోవాలనుకుంది. నీకేం అన్యాయం చేశానే? వద్దు. ఎలా ఉన్నావ్? పద్నాలుగేళ్ళ తరువాత ఎలా ఉన్నావేమిటి, ఎదురింటావిడని అడిగినట్టు. ఆ రోజు కాలరు బాగానే కుట్టావు అనాలి, అది మాత్రం అనాలి, నిజానికి అది బాగానే ఉంది, తనకి తెలుసు, ఆ క్షణంలో కూడా తెలుసు. డాక్టరమ్మ ఇది మీ పనేమో అనుకున్నాను, మీకంటే బాగా కుట్టిందే అంది, ఆ మాటకి తీసింది తను కత్తెర. ఇన్నేళ్ళలో తనకి తను కూడా చెప్పుకోని ముక్క అది, చలిగాలికి ముక్కు తుడుచుకుంటూ ఎవరో కొత్త ఊరి కాలిబాటమీద చెప్పుకుంది. అయినా సరే, వాళ్ళు చేసింది తక్కువేం కాదు. తన తప్పు తనది, వాళ్ళ తప్పు వాళ్ళది, ఒకటి చూపించి ఇంకోటి చెరిపెయ్యలేరు.

కత్తెర బొమ్మ తలుపు తోసింది. లోపల ఇస్త్రీ ఆవిరి వాసన, కొత్తగుడ్డ వాసన, తన దుకాణం వాసనే. మిషను పరుగెడుతోంది. వంగిన మనిషి తల ఎత్తలేదు, కంటికొసకి కోటు అంచు కనపడి ఉంటుంది.

"బావా, తలుపేసెయ్, చలొస్తోంది" అంది చిట్టి, మిషను ఆపకుండానే. "ఈసారి ఏం చింపుకొచ్చావ్?"

ఆమె తలుపు వేసింది. ఈ గొంతుని పద్నాలుగేళ్ళూ ఎన్ని రకాలుగా ఊహించుకుందో. ఒక్కోసారి అరుస్తున్నట్టు, ఒక్కోసారి ఏ ఆసుపత్రి మంచంమీదో మూలుగుతున్నట్టు, ఎక్కువసార్లు అక్కమీద కోపంతో బిగుసుకుపోయి మాట రానట్టు. తను ఎలా నలిగిపోతోందో అదీ అలాగే నలిగిపోతూ ఉంటుందని, ఆ ధైర్యంతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది. ఈ గొంతులో కోపం లేదు. దిగులు లేదు. మనింటికి మనవాళ్ళు వచ్చినప్పుడు మనం మాట్లాడే గొంతు ఇది. హాయిగా ఉంది పిల్ల. కోటు చిరిగితే కుట్టి, బావ వస్తే వేళాకోళమాడి, పుట్టినరోజుకి ఉత్తరం వస్తే చదివి గుండీల డబ్బాలో పెట్టి, హాయిగా ఉంది, అక్క లేని చోట.

"నిన్నే బావా, ఇలా ఇయ్యి" అంది చిట్టి, కళ్ళు కుట్టుమీదే ఉంచి, ఎడమచెయ్యి వెనక్కి చాపి వేళ్ళు ఆడించింది.

"బావ కాదే" అంది ఆమె.

మిషను ఆగిపోయింది.